‘ది డార్క్ నైట్’కి 12ఎ ఏ లెక్కన ఇచ్చారు?

లీడ్స్_లక్ష్మి
మేం ఉండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడి థియేటర్‌లో పాత హిట్లు మళ్లీ వేస్తున్నారని పోయిన శనివారం ‘ది డార్క్ నైట్’కి వెళ్లాం. సర్టిఫికెట్ 12ఎ. పన్నెండేళ్ల లోపు పిల్లలైనా పెద్దవాళ్లు వెంట ఉంటే రానిస్తారు. మావాడికి తొమ్మిది. వాడి టిఫిన్ డబ్బా బ్యాట్‌మ్యాన్, దుప్పటి బ్యాట్‌మ్యాన్, చెప్పుల మీద కూడా బ్యాట్‌మ్యానే. మా ఆయన ‘సూపర్ హీరో సినిమాయే కదా’ అన్నారు. టికెట్లు చూసిన అమ్మాయి మావాణ్ణి చూసి నవ్వి లోపలికి పంపింది.

విలన్ జోకర్ పెన్సిల్ మాయం చేస్తానని దాంతో ఒకణ్ణి చంపే చోట నేను ఉలిక్కిపడ్డాను గానీ, వాడికి ఏం జరిగిందో అర్థం కాక నవ్వాడు. ఆ తర్వాత జోకర్ ఒకడి నోట్లో కత్తి పెట్టి తన మచ్చల కథ చెబుతాడు. అక్కడ నా చెయ్యి పట్టుకున్నవాడు మళ్లీ వదల్లేదు. ఆసుపత్రి మంచం మీద లాయర్ హార్వీ డెంట్ కాలిన సగం మొహం ఇటు తిప్పేసరికి ‘అమ్మా, పోదాం’ అన్నాడు. లేచి వచ్చేశాం. అప్పట్నించీ రాత్రిపూట బాత్‌రూమ్‌కి ఒంటరిగా వెళ్లడం లేదు. మేం తలుపు బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగిందంటే ‘ఉన్నారా?’ అని కేక.

నాలుగు బూతులుంటే చాలు, 15 వేస్తారు ఈ దేశంలో, అంటే పదిహేను లోపు వాళ్లకి ప్రవేశమే లేదు. దీనికి 12ఎ ఎలా వచ్చింది? తెలిసినవాళ్లు చెప్పండి. ‘నువ్వెందుకు తీసుకెళ్లావ్’ అనే మాట మాత్రం వద్దు, అది ఇంట్లోనే కావలసినంత దొరుకుతోంది.

స్పాయిలర్_సుబ్బడు
సినిమా అంతా ఒకసారి గుర్తు చేసుకోండి. రక్తం ఎక్కడ కనిపించింది? దాదాపు ఎక్కడా లేదు. మీ ప్రశ్నకు జవాబు అదే.

కూకట్‌పల్లి_కుర్రోడు
అక్కా, మీరు వద్దన్నారు కాబట్టి ఆ మాట అనను. కానీ దర్శకుడు నోలన్ సినిమా అది. 152 నిమిషాలు. పెద్దవాళ్లకే రెండోసారి చూస్తే గానీ సగం సంగతులు ఎక్కవు. దాన్ని పిల్లల సినిమా అనుకోవడం ఏంటి? పోస్టర్ చూస్తే తెలియదా?

లీడ్స్_లక్ష్మి
పోస్టర్ మీద బ్యాట్‌మ్యాన్ ఉన్నాడు బాబూ. మావాడి చెప్పుల మీద ఉన్నవాడే. మా ఆయన 2008లో ఫ్రెండ్స్‌తో చూశారట. ఆయనకి గుర్తున్నది ఆ మోటార్ సైకిల్ ఒక్కటే.

ఇంటర్వెల్_పకోడి
లారీ గిర్రున తిరగబడటం కూడా గుర్తుండాలే. అది కూడా లేదంటే బావగారు నిద్రపోయినట్టే :)

రెండో_ఆట
లక్ష్మిగారూ, ఈ కోపం మీ ఒక్కరిదే కాదు. అప్పట్లో బ్రిటన్‌లో ఇదే పెద్ద రభస. నేను ఆ ఏడాది చదువుకోసం ఇక్కడికి కొత్తగా వచ్చాను. పేపర్ తీస్తే ఇదే గోల. బ్రిటిష్ సెన్సార్ వాళ్లకి, అంటే బీబీఎఫ్‌సీకి, ఈ ఒక్క సినిమా మీద 364 ఫిర్యాదులు వెళ్లాయి. ఆ సంవత్సరం ఇంకే సినిమాకీ అన్ని రాలేదు. పార్లమెంటులో హోం వ్యవహారాల కమిటీ చైర్మన్‌గా ఉన్న లేబర్ పార్టీ నాయకుడు కీత్ వాజ్, నేనైతే మా పదకొండేళ్ల అమ్మాయిని తీసుకెళ్లను, దీనికి 15 ఇవ్వాల్సింది అన్నారు. కన్జర్వేటివ్ పార్టీ పాత నాయకుడు ఇయన్ డంకన్ స్మిత్ తన పదిహేనేళ్ల కూతురితో చూసొచ్చి, ఈ సర్టిఫికెట్ చూసి విస్తుపోయానని పత్రికకి ఉత్తరం రాశారు. రెండు పార్టీలవాళ్లూ ఒకే మాట మీద నిలబడటం అరుదు. జోకర్ కలిపాడు.

బోర్డువాళ్ల వాదన ఇదీ: కొట్టుకోవడం ఉంది గానీ గాయాల మీద కెమెరా నిలవదు, రక్తం కనిపించదు, ఇది కామిక్ పుస్తకంలోంచి వచ్చిన ఊహాలోకం, బ్యాట్‌మ్యాన్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. అందుకని 12ఎ సరిపోతుంది. హింస, ఎడతెగని బెదిరింపు ఉన్నాయని కింద చిన్న అక్షరాల్లో హెచ్చరిక కూడా పెట్టారు. ఆ చిన్న అక్షరాలు చదివేదెవరు?

ఇంకో సంగతి. బ్రిటన్ థియేటర్లలో 12 అనే సర్టిఫికెట్ పుట్టిందే బ్యాట్‌మ్యాన్ కోసం. 1989లో టిమ్ బర్టన్ తీసిన ‘బ్యాట్‌మ్యాన్’ పీజీకి (పెద్దల సలహాతో పిల్లలూ చూడొచ్చు) ఎక్కువ, 15కి తక్కువ అయింది. మధ్యలో మెట్టు లేదు. దాంతో కొత్తగా 12 పెట్టారు, దాన్ని అందుకున్న మొదటి సినిమా అదే. అప్పట్లో 12 అంటే 12. పదకొండేళ్లవాడు తాతగారితో వచ్చినా గేటు బయటే. 2002లో ‘స్పైడర్ మ్యాన్’ వచ్చినప్పుడు చిన్నపిల్లలంతా బయట ఉండిపోయి గొడవ చేశారు. ఇక్కడ చట్టప్రకారం ఆఖరి అధికారం స్థానిక కౌన్సిళ్లది. కొన్ని కౌన్సిళ్లు బోర్డు మాట పక్కనపెట్టి పిల్లల్ని రానిచ్చాయి. ఆ ఏడాది ఆగస్టు చివర్లో బోర్డే దిగొచ్చి 12కి ‘ఎ’ తగిలించింది. ఆ ‘ఎ’ అంటే పెద్దవాళ్లు తోడుంటే చాలని. ఆరేళ్లకి అదే తలుపులోంచి జోకర్ వచ్చాడు.

కూకట్‌పల్లి_కుర్రోడు
రెండో_ఆట అన్నా, ఇన్ని సంగతులు ఎక్కడ దాచావ్? చివరి లైన్ మాత్రం కేక.

డల్లాస్_బావ
మా దగ్గర దీనికి పీజీ-13, అంటే పదమూడు లోపు పిల్లల తల్లిదండ్రులకి హెచ్చరిక మాత్రమే. కారణం రాసింది కూడా తీవ్రమైన హింస, ‘కొంత బెదిరింపు’ అని. కొంత! అమెరికాలో రేటింగ్ అంటే చట్టం కాదు, సినిమా వాళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు. ఆ పీజీ-13 కూడా ఇలాంటి గొడవతోనే 1984లో వచ్చింది. ఆ ఏడాది వచ్చిన ఇండియానా జోన్స్ సినిమాలో బతికున్నవాడి గుండె చేత్తో లాగేసే సీన్ చూసి తల్లిదండ్రులు మండిపడ్డారు. దాని దర్శకుడు స్పీల్‌బర్గే మధ్యలో ఇంకో మెట్టు పెట్టండని అడిగాడు.

విచిత్రం ఏంటంటే, ఇక్కడ ఆర్ రేటింగ్ (పదిహేడు లోపు వాళ్లు ఒంటరిగా రాకూడదు) సినిమాకైనా తల్లో తండ్రో పక్కనుంటే ఎంత చిన్నపిల్లనైనా తీసుకెళ్లొచ్చు. ‘జోకర్’ (2019) ఆర్. నేను చూసిన షోలో మా ముందు వరసలో ఒకాయన పాపని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. మూడేళ్లుంటాయేమో. ఆ పాప ఫోన్‌లో కార్టూన్ చూస్తోంది, తెర మీద ఆ సినిమా నడుస్తోంది. నాకు సినిమా కన్నా ఆ దృశ్యమే ఎక్కువ గుర్తుంది.

సెక్షన్_సత్తి
అదే ‘జోకర్’కి ఇండియాలో ఎ. బ్రిటన్‌లో 15. పద్దెనిమిది నిండని వాళ్లకి ఎ సినిమా చూపిస్తే మన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద థియేటర్ మీద కేసు పెట్టొచ్చు. తండ్రి తోడున్నా, ముత్తాత తోడున్నా కుదరదు. కాగితం మీద మనమే అమెరికా కన్నా కఠినం.

టికెట్_చింపేవాడు
కాగితం మీద అన్నారు చూశారా, అక్కడే ఉంది కథంతా.

నేను హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్‌లో గేటు దగ్గర పనిచేశాను. పేరు చెప్పను. ఎ సినిమా, ఆదివారం మ్యాట్నీ. ఒక కుటుంబం వస్తుంది: నాన్న, అమ్మ, ఏడో తరగతి పిల్లాడు, చంకలో చంటిది. టికెట్ ఆన్‌లైన్‌లో కొనేశారు. కొనేటప్పుడు ‘18 దాటినవాళ్లకే’ అని డబ్బా వస్తుంది, ఎవరూ చదవరు, ఓకే నొక్కేస్తారు. నేను ఆపితే మొదట బతిమాలడం. తర్వాత ‘మా వాడు పొట్టి, వయసు పద్దెనిమిదే’. ఒకాయన ఫోన్‌లో ఆధార్ చూపించాడు, ఫొటోలో ఉన్న కుర్రాడికి గడ్డం ఉంది. ఎదురుగా ఉన్నవాడు స్కూల్ బెల్టు పెట్టుకుని పాప్‌కార్న్ తింటున్నాడు. ‘ఈ ఫొటో ఎవరిది సార్’ అంటే ‘వాళ్లన్నది, అయితే ఏంటి, ఇద్దరూ ఒకేలా ఉంటారు’ అన్నాడు.

ఆపితే గొడవ. డబ్బు వాపసు ఇవ్వమంటారు, అది నా చేతిలో ఉండదు. మేనేజర్ వచ్చి చూసి, హాలు సగం ఖాళీ అయితే కళ్లతోనే సైగ చేస్తాడు, పంపేయమని. పై నుంచి తనిఖీ ఉందంటే మాత్రం అదే మేనేజర్ కాలేజీ పిల్లల్ని కూడా గేటు బయటే నిలబెట్టేవాడు. నేను మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు ఎలా ఉందో అక్కడున్నవాళ్లు చెప్పాలి.

ఇంటర్వెల్_పకోడి
‘వాళ్లన్నది, అయితే ఏంటి’... ఆయనకి నా పాదాభివందనం.

నేల_టికెట్
నాకొక సందేహం. మన మాస్ సినిమాలో హీరో ఒక్కడే ఇంటర్వెల్ ముందు యాభై మందిని నరుకుతాడు. తలలు గాల్లో లేస్తాయి. దానికి యూఏ. థియేటర్‌లో ఐదేళ్ల పిల్లలు సీటు మీద నిలబడి ఈలలు వేస్తారు. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతారు. లక్ష్మిగారి అబ్బాయి రక్తం చుక్క లేని సినిమా చూసి బాత్‌రూమ్‌కి వెళ్లడం మానేశాడు. మరి ఏది పిల్లలకి పనికిరాదు?

టీచరమ్మ
నేల_టికెట్ గారు అసలు విషయం దగ్గరికి వచ్చారు. నేను ప్రైమరీ క్లాసులకి చెబుతాను, నాకు తెలిసింది చెబుతున్నా.

ఏడెనిమిదేళ్ల పిల్లకి కత్తి భయం కాదు. ఆ కత్తి ఎవరి చేతిలో ఉంది, అతను మనవాడా కాదా, చివరికి ఎవరు గెలుస్తారు, ఇది చూసుకుంటుంది. మాస్ సినిమాలో హీరో నడిచి వచ్చే తీరుకే ఇవాళ ఎవరికేం కాబోతోందో వాళ్లకి తెలిసిపోతుంది. ‘డార్క్ నైట్’లో ఆ హామీ లేదు. హీరో ప్రేమించిన అమ్మాయి చనిపోతుంది. మంచివాడనుకున్న లాయరే చెడిపోతాడు. జోకర్‌కి డబ్బు అక్కర్లేదు, నోట్ల గుట్ట తనే తగలబెడతాడు. మచ్చలు ఎలా వచ్చాయో ఒకరికి ఒక కథ, ఇంకొకరికి ఇంకో కథ చెబుతాడు. వాడికి ఏం కావాలో తెలిస్తే అది ఇచ్చేసి తప్పించుకోవచ్చు అని పిల్లలు ఆలోచిస్తారు. ఇక్కడ తప్పించుకునే దారి కనబడదు. పెద్దవాళ్లకి ఆ పాత్ర నచ్చేదీ, పిల్లలు హడలిపోయేదీ అందుకే.

సెన్సార్ వాళ్ల దగ్గర రక్తానికి లెక్క ఉంది, బూతుకి ఉంది, బట్టలకి ఉంది. దీనికి లేదు.

నేల_టికెట్
ఒప్పుకుంటా. కానీ టీచరమ్మా, మన నానమ్మలు చెప్పిన కథ చూడండి. స్తంభం పగిలి సింహం తల ఉన్నవాడొకడు వస్తాడు. గడప మీద కూర్చుంటాడు. గోళ్లతో పొట్ట చీల్చి పేగులు మెడలో దండలా వేసుకుంటాడు. మూడేళ్ల పిల్లలకి అన్నం ముద్దలు పెడుతూ చెప్పేవారు. దీనికి ఏ బోర్డు అయినా యూఏ ఇస్తుందా? మరి మనమెవరం జడుసుకోలేదే!

టీచరమ్మ
చెప్పేది నానమ్మ. పిల్ల కళ్లు పెద్దవైతే గొంతు తగ్గిస్తుంది. పేగుల దగ్గర గబగబా దాటేసి ప్రహ్లాదుడి దగ్గరికి వచ్చేస్తుంది. ఇంకా భయపడితే ఒళ్లోకి తీసుకుంటుంది. పిల్ల కూడా తన మనసుకి పట్టినంతే బొమ్మ కట్టుకుంటుంది. థియేటర్‌లో తెర పెద్దది, శబ్దం చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, ఆపమంటే ఆగదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కథలో పిల్లవాడు గెలుస్తాడు.

రెండో_ఆట
‘డార్క్ నైట్’ చివర్లో పిల్లవాడి తలకి తుపాకీ గురిపెడతారు. పెట్టేది జోకర్ కూడా కాదు, హార్వీ డెంట్. లక్ష్మిగారూ, మీరు ఆసుపత్రి సీన్‌లోనే లేచి రావడం మంచిదైంది. ఆ పిల్లవాడు, అంటే పోలీసు గోర్డన్ కొడుకు, ఇంచుమించు మీవాడి ఈడువాడే.

లీడ్స్_లక్ష్మి
బాబోయ్.

విజాగ్_వీరుడు
అందరూ పిల్లల్ని దూదిలో పెట్టి పెంచుతున్నారు. మేం 1995లో ‘అమ్మోరు’ చూసి పెరిగిన బ్యాచ్. రామిరెడ్డి మొహం చూసి నిక్కర్లు తడిసిపోయాయి. ఇప్పుడు అందరం ఉద్యోగాలు చేసుకుంటున్నాం, ఎవడికీ ఏం కాలేదు.

ఇంటర్వెల్_పకోడి
విజాగ్ గారు, ఇప్పటికీ రామిరెడ్డి ఫొటో పెడితే మా అన్నయ్య ఆ గ్రూప్‌లోంచి వెళ్లిపోతాడు. వయసు ముప్పై ఎనిమిది.

గోదారి_గౌరి
నాకూ ఏమీ కాలేదనే అనుకునేదాన్ని. మా పాప పుట్టాక ఒకరోజు టీవీలో ఆ సినిమా వస్తుంటే చెయ్యి దానంతటదే రిమోట్ మీదికి వెళ్లింది. చానల్ మార్చాక గానీ ఊపిరి ఆడలేదు. ‘ఏం కాలేదు’ అన్న లెక్క ఎవరు వేశారు విజాగ్ గారూ?

విజాగ్_వీరుడు
సరే గౌరిగారూ, రామిరెడ్డి విషయంలో మాత్రం ఒక మెట్టు దిగుతా. ఆ మనిషి మామూలోడు కాదు. జోకర్ విషయంలో దిగను. భయపడటం కూడా నేర్చుకోవాలి పిల్లలు.

టీచరమ్మ
నేర్చుకోవాలి. మెట్టు మెట్టుగా నేర్పాలి. మొదటి రోజే లోతులోకి తోసెయ్యం కదా.

పైలాపచ్చీస్
ఇందులో వ్యాపారం సంగతి ఎవరూ ఎత్తలేదేం? 15 ఇస్తే ఆ లోపు పిల్లలు రారు, వాళ్లని తెచ్చే తల్లిదండ్రులూ రారు. ఒక్క టికెట్ పోదు, నాలుగు పోతాయి, పాప్‌కార్న్‌తో సహా. ఆ సినిమా ప్రపంచమంతా కలిపి వంద కోట్ల డాలర్లు దాటింది. పదిహేను దాటినవాళ్లతోనే అయ్యేదా? అందుకే మరణాలన్నీ కెమెరా పక్కకి తిప్పి తీశారు. పెన్సిల్ సీన్ చూడండి: దబ్ మని శబ్దం, కట్, పెన్సిల్ లేదు. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే అది 15. దర్శకుడు గొప్పవాడే, కాదనను. ఆ గొప్పతనం సర్టిఫికెట్‌కి కూడా పనికొచ్చింది అంటున్నా.

1992లో ‘బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్’ అప్పుడు అమెరికాలో ఇదే జరిగింది. బర్గర్ల కంపెనీ పిల్లల భోజనం డబ్బాతో బ్యాట్‌మ్యాన్ బొమ్మలు ఇచ్చింది. సినిమాలో చూస్తే పెంగ్విన్ నోట్లోంచి నల్లటి రసం కారుతూ ఉంటుంది. తల్లిదండ్రులు ఇదేం అన్యాయం అన్నారు. బొమ్మ నాలుగేళ్లవాడికి అమ్ముతారు, సినిమా మాత్రం వాడికి కాదంటారు. లక్ష్మిగారి అబ్బాయి టిఫిన్ డబ్బా మీద ఏ సర్టిఫికెట్ ఉంది?

కూకట్‌పల్లి_కుర్రోడు
పైలా భయ్యా, ఇది మాత్రం ఒప్పుకోను. రక్తం చూపించకపోవడం వ్యాపారం కోసం కాదు. చూపించకపోతేనే ఎక్కువ భయం వేస్తుంది. చూపించేస్తే మామూలు స్లాషర్ (నరుకుడు) సినిమా అయ్యేది. జోకర్ వేసిన హీత్ లెడ్జర్‌కి చనిపోయాక ఆస్కార్ వచ్చింది పెన్సిల్ వల్ల కాదు, నాలుకతో పెదాలు తడుపుకునే తీరు వల్ల, ఆ గొంతు వల్ల.

పైలాపచ్చీస్
నువ్వు నా వైపే మాట్లాడుతున్నావ్ తమ్ముడూ. చూపించకపోతే ఎక్కువ భయం అంటున్నావు. మరి ఎక్కువ భయపెట్టేదానికి తక్కువ వయసు సర్టిఫికెట్ ఎందుకు?

కూకట్‌పల్లి_కుర్రోడు
...

స్పాయిలర్_సుబ్బడు
కుర్రోడు చుక్కలు పెట్టాడు. ఈ చర్చలో మొదటి వికెట్.

మాంచెస్టర్_మురారి
రెండో_ఆట గారు చెప్పినదానికి కొనసాగింపు. ఐర్లండ్ వాళ్లు దీనికి 15ఎ ఇచ్చారు. జర్మనీలో 16. సముద్రం దాటితే అదే జోకర్ నాలుగేళ్లు పెద్దవాడైపోతాడు. బ్రిటిష్ బోర్డు కూడా ఆ ఫిర్యాదులు ఊరికే పక్కన పడేయలేదు. 2009 మార్గదర్శకాల్లో సినిమా మొత్తం ధోరణి ఎలా ఉంది, మనసు మీద ఎంత పడుతుంది అన్నది కూడా చూస్తామని రాశారు. 2022లో వచ్చిన ‘ది బ్యాట్‌మ్యాన్’కి ఇక్కడ 15 ఇచ్చారు. అమెరికాలో అదే సినిమా పీజీ-13.

గబ్బిలం_గిరి
ఆ 15 దెబ్బ తిన్నవాళ్లలో నేనొకణ్ణి. అప్పుడు నాకు పదమూడు, ఉండేది ఇంగ్లండ్‌లోని స్లౌ ఊళ్లో. 12ఎ కాదు కదా, నాన్న తోడొచ్చినా రానివ్వరు. హైదరాబాద్‌లో మా బాబాయ్ కొడుకు నాకన్నా రెండేళ్లు చిన్నోడు, అక్కడ యూఏ. వాడు మొదటి ఆదివారమే చూసొచ్చి వీడియో కాల్‌లో విలన్ రిడ్లర్ గొంతు అనుకరించి చూపించాడు. నేను స్పాయిలర్లు వినకూడదని ఫోన్ మీద దిండు పెట్టా. తర్వాత ఇంట్లో చూశాను. నిజం చెప్పాలంటే ఆ మూడు గంటల్లో నాకు భయం వేసింది ఒక్కచోటే, మొదట్లో మేయర్ వెనక చీకట్లో వాడు కదలకుండా నిలబడినప్పుడు. మిగతాది అంతా వాన.

ఇంటర్వెల్_పకోడి
‘మిగతాది అంతా వాన.’ ఇంతకన్నా మంచి సమీక్ష నేను చదవలేదు.

సెక్షన్_సత్తి
ఇండియా యూఏ సంగతి కొంచెం వివరంగా. 1983 నుంచి మనకి యూ (అందరికీ), యూఏ, ఎ (పెద్దలకే), ఎస్ (డాక్టర్లలాంటి ప్రత్యేక వర్గాలకి) అని నాలుగు. యూఏ అంటే పన్నెండు లోపు పిల్లలకి పెద్దల మార్గదర్శకత్వం. ఇందులో చిక్కేంటంటే, ఆరేళ్లవాడు చూడదగ్గ సాహసకథకీ యూఏ, పదిహేనేళ్లవాడు చూడదగ్గ హత్యకథకీ యూఏ. అన్నీ ఒకే సంచిలో. 2023లో చట్టం సవరించి దాన్ని మూడు చేశారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఇప్పుడు ‘డార్క్ నైట్’ కొత్తగా వస్తే ఈ మూడింట్లో ఏ గదిలో వేస్తారు? నేనైతే 16+ అంటాను.

అయితే ఒక మెలిక ఉంది. ఈ మూడూ తల్లిదండ్రులకి సూచనలే. గేటు దగ్గర ఆపే అధికారం వీటితో రాదు. ఆపగలిగేది ఎ ఒక్కటే. టీవీ లెక్క వేరే. ఎ సినిమాని అలాగే టీవీలో వెయ్యకూడదు, మళ్లీ కత్తిరించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. శాటిలైట్ డబ్బు కోసం నిర్మాతలు కోతలకి ఒప్పుకుని అయినా యూఏ తెచ్చుకోవడం వెనక ఉన్నది ఇదే.

డల్లాస్_బావ
2025లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’లో మన బోర్డు ముద్దు సీన్ కోసేసిందని విన్నప్పుడు ఇక్కడ ఆఫీసులో నన్ను ఆడుకున్నారు. భవనాలు కూలితే ఫర్వాలేదు, ముద్దు పెట్టుకుంటే పిల్లలు పాడైపోతారట.

సెక్షన్_సత్తి
అమెరికా నవ్వేది లేదు బావా. మీ దగ్గర ఒక బూతు మాట ఒకసారి వస్తే పీజీ-13, ఎక్కువైతే ఆర్. మనుషుల్ని మాత్రం ఎంతమందినైనా చంపొచ్చు, రక్తం కారకపోతే చాలు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

లీడ్స్_లక్ష్మి
చట్టాలు బాగానే తెలిశాయి, థాంక్స్. మా ఇంటి సంగతి ఏం చేయాలి? ‘అదంతా మేకప్ నాన్నా’ అని చెప్పాను. వాడు నా ఫోన్ తీసుకుని జోకర్ అని వెతికాడు. మొదట వచ్చింది ఆ నటుడు సినిమా విడుదలకి ముందే చనిపోయాడన్న వార్త. ఇప్పుడు ‘జోకర్ వల్లే చచ్చిపోయాడా?’ అని ఇంకో ప్రశ్న తయారైంది.

గోదారి_గౌరి
అయ్యో. అది పెద్దవాళ్లు కూడా పుకారుగా మోసిన మాటే కదా, పిల్లాణ్ణి ఏమంటాం.

టీచరమ్మ
లక్ష్మీ, జోకర్ నుంచి కాసేపు పక్కకి జరిగి డెంట్ మొహంతో మొదలుపెట్టండి. వాడు లేచి వచ్చేసింది ఆ సీన్‌లోనే. ఆ కాలిన సగం మేకప్ కాదు, కంప్యూటర్‌లో చేశారు. ఆరన్ ఎక్‌హార్ట్ మొహం మీద చుక్కలు పెట్టి షూటింగ్ చేసి, తర్వాత ఆ సగం కలిపారు. ఆ చుక్కల మొహం ఫొటోలు దొరుకుతాయి, మీరు ముందు చూసి అప్పుడు చూపించండి. తర్వాత వాడి చేత ఒక సగం మొహం బొమ్మ వేయించండి. రంగులు వాణ్ణే ఎంచుకోనివ్వండి. నా క్లాసులో ఒక పిల్లకి దెయ్యం భయం ఉంటే దెయ్యానికి పేరు పెట్టించాం. బుజ్జమ్మ అని పెట్టింది. వారంలో బుజ్జమ్మకి పళ్లు తోమడం కూడా నేర్పింది.

చనిపోయిన సంగతికి మాత్రం నిజమే చెప్పండి, చిన్నగా. మందుల వల్ల చనిపోయాడు, సినిమా వల్ల కాదు అని. పిల్లలకి అబద్ధం కన్నా చిన్న నిజం తొందరగా సర్దుకుంటుంది.

విజాగ్_వీరుడు
టీచరమ్మ దగ్గర నాకు కూడా ఒక అపాయింట్‌మెంట్ కావాలి. రామిరెడ్డి బొమ్మ వేసి తెస్తా.

మాంచెస్టర్_మురారి
ఇకముందు సినిమాకి వెళ్లే ముందు బీబీఎఫ్‌సీ సైట్‌లో ఆ సినిమా పేరు కొట్టండి. ఏ రకం హింస, ఏ రకం భయం ఉందో కొంచెం వివరంగా రాస్తారు. రెండు నిమిషాల పని. పీజీ అయితే ఎనిమిదేళ్ల వయసు పిల్లలు కలవరపడకూడదు అన్నది వాళ్ల కొలత. 12ఎ అంటే వాళ్ల సొంత మాటల్లోనే పన్నెండు లోపు వాళ్లకి సాధారణంగా తగనిది. ‘ఎ’ ఉంది కదా అని మనం తలుపు తీసుకుని వెళ్లిపోతున్నాం. ఇంట్లో డిస్కు మీద చూడండి, అక్కడ ‘ఎ’ ఉండదు, ఉత్త 12. పన్నెండు లోపు వాళ్లకి అమ్మకూడదు. థియేటర్‌కి ఒక రూలు, షాపుకి ఒకటి.

పైలాపచ్చీస్
మురారిగారూ, తల్లిదండ్రులే అన్నీ చదువుకుని వెళ్లాలంటే బోర్డు ఎందుకు? ఫీజు తీసుకుంటున్నది వాళ్లు.

మాంచెస్టర్_మురారి
బోర్డు లక్షల పిల్లల్ని తలలో పెట్టుకుని ఒక అంకె వేస్తుంది. మా ఇంట్లోనే ఇద్దరున్నారు. పెద్దది ఎనిమిదేళ్లకే డైనోసార్లు మనుషుల్ని తింటుంటే చప్పట్లు కొట్టింది. చిన్నాడు పదకొండు వచ్చినా చేప పిల్ల తప్పిపోయే కార్టూన్‌కి ఇంకా ఏడుస్తాడు. ఏ అంకె ఇద్దరికీ సరిపోతుంది?

పైలాపచ్చీస్
ఆ సంగతి నాకూ తెలుసు. అయినా నా మాట నాదే. 15 ఇవ్వాల్సింది.

రెండో_ఆట
నేనూ పైలా వైపే. పన్నెండు దాటినవాళ్లకి ఫర్వాలేదు, వాళ్లు తట్టుకుంటారు. కానీ ‘ఎ’ అన్న వెసులుబాటు ఉన్నంతకాలం ఆరేళ్లవాళ్లు కూడా వస్తారని బోర్డుకి తెలుసు. తెలిసీ ఇచ్చారు.

కూకట్‌పల్లి_కుర్రోడు
చుక్కల తర్వాత మళ్లీ వచ్చా. నేను 2012లో దీని తర్వాతి భాగం ‘ది డార్క్ నైట్ రైజెస్’ని ప్రసాద్స్ ఐమాక్స్‌లో చూసినప్పుడు నాకు పద్నాలుగు. ఆ విమానం సీన్‌తో నా బతుకు మారిపోయింది, ఎడిటింగ్ నేర్చుకున్నది దాని వల్లే. 15 అని గేటు దగ్గర ఆపి ఉంటే? కాబట్టి సర్టిఫికెట్ మీద మీతో సగమే ఏకీభవిస్తా. పన్నెండు పెట్టండి, ‘ఎ’ తీసేయండి. 1989లో ఉన్నట్టు.

రెండో_ఆట
ఇది బాగుంది. దీనికి నేను సంతకం పెడతా.

పైలాపచ్చీస్
నేను పెట్టను. కానీ కుర్రోడికి ఒక వికెట్ వెనక్కి ఇచ్చెయ్యండి.

గోదారి_గౌరి
లక్ష్మిగారూ, బ్యాట్‌మ్యాన్ పిచ్చి పోగొట్టక్కర్లేదు. లెగో బొమ్మలతో తీసిన ‘ది లెగో బ్యాట్‌మ్యాన్ మూవీ’ ఉంది, 2017ది. బ్రిటన్‌లో యూ, అంటే అందరూ చూడొచ్చు. మా పాప పదిసార్లు చూసింది, నేను పక్కన కూర్చుని పదిసార్లూ నవ్వాను.

లీడ్స్_లక్ష్మి
అందులో జోకర్ ఉన్నాడా?

గోదారి_గౌరి
ఉన్నాడు. బ్యాట్‌మ్యాన్ తనని పెద్ద శత్రువుగా లెక్కచెయ్యడం లేదని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు.

ఇంటర్వెల్_పకోడి
విజాగ్ గారు, ముందు మీరు చూడండి. రామిరెడ్డి ఉండడు.